దుమ్ము పడని అద్దం

మ్యూజియం తలుపులు జనానికి తెరవకముందే అక్కడ ఒక పని జరుగుతుంది. టికెట్టు కొనుక్కుని వచ్చేవాళ్లెవరూ దాన్ని చూడరు. ఒక అమ్మాయి చేతిలో తెల్లని నూలుగుడ్డ పట్టుకుని గది గదికీ తిరుగుతూ అద్దాల పెట్టెల అంచులు తుడుస్తుంది. తుడిచిన ప్రతిసారీ ఆ గుడ్డను వెలుతురుకేసి పట్టి చూస్తుంది. తెల్లగా ఉంటే ముందుకు కదులుతుంది. బూడిదరంగు కనబడిందంటే, ఆ దుమ్ము ఎక్కణ్ణుంచి వచ్చిందో కనిపెట్టేదాకా ఆమెకు స్థిమితం ఉండదు.

ఆమె ఉద్యోగమే అది. మెడలో వేలాడే కార్డు మీద 'ప్రదర్శనశాల సహాయకురాలు' అని ఉంటుంది గానీ, క్యూరేటర్ మేడమ్ మాత్రం ఆమెను "మా దుమ్ము కాపలా" అని పరిచయం చేస్తుంది. ఆ మ్యూజియంలో ఒక గది నిండా పాతకాలపు చిత్రాలు, ఒక గదిలో రాజులనాటి ఆయుధాలు, నేతబట్టలు, మరో గదిలో లోపల దూది కూరి నిలబెట్టిన పక్షులూ జంతువులూ ఉన్నాయి. వీటన్నిటికీ ఉమ్మడి శత్రువులు రెండే. ఒకటి చెమ్మ, రెండోది దుమ్ము. ఉద్యోగంలో చేరిన కొత్తలో మేడమ్ ఆమెను పక్షుల గదిలోకి తీసుకెళ్లి, పిల్లకు పాఠం చెప్పినంత ఓపిగ్గా చెప్పింది.

"దుమ్మంటే ఊరికే మట్టి అనుకోకమ్మా. ఈకల సందుల్లోకి దూరి కూర్చుంటుంది. పైకి ఏమీ తెలీదు. తెలిసేసరికి లోపలంతా అయిపోయి ఉంటుంది."

ఆ మాటను ఆమె పరీక్షకు చదివిన పాఠంలా మనసులో పెట్టుకుంది. అదే మాటను మరొకరి నోట, మరొక గదిలో వినాల్సి వస్తుందని అప్పుడు ఆమెకు తెలియదు.

ఈ కథలో ఆమెను చెల్లెలు అనే పిలుద్దాం. ఎందుకంటే ఇది ఆమె అన్న కథ.

అన్న రాతి పనివాడు. తల్లిదండ్రులు పోయేనాటికి చెల్లెలికి ఇంకా అక్షరాలు రాలేదు. తను బడి మానేసి సుత్తి పట్టుకున్నాడు, చెల్లెలి చేత పుస్తకం మాన్పించలేదు. వాళ్ల వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషి ఆమె. అది మొదలు అన్న ఆమెను పేరు పెట్టి పిలవడం మానేశాడు. "ఏమే డిగ్రీ, అన్నం తిన్నావా?" "డిగ్రీ గారికి జ్వరమట, చప్పుడు చేయకండి." ఇదీ వరస. అన్నకూ ఒక మారుపేరు ఉంది. పనిలో ఉన్నంతసేపూ ఉలి దెబ్బకు తాళం తప్పకుండా ఈల వేసేవాడు. అందుకని అందరూ అతన్ని ఈలన్న అనేవారు. వీధి మలుపు తిరగకముందే ఈల ఇంట్లోకి వచ్చేది, మనిషి తర్వాత వచ్చేవాడు. వదిన ఆ ఈల విని పొయ్యి మీద నీళ్లు పెట్టేది.

మ్యూజియంలో కొత్త హాలు కట్టడం మొదలైంది. దాని పేరు 'శ్రమకు వందనం'. పడవ నడిపేవాళ్లు, పొలం దున్నేవాళ్లు, కొలిమి దగ్గర చెమటోడ్చేవాళ్లు, ఇలా కష్టజీవుల బొమ్మలన్నీ ఒక గోడ పొడవునా రాతిలో చెక్కించాలని మేడమ్ సంకల్పం. ఆ కబురు చెల్లెలు ఇంటికి మోసుకొచ్చింది.

"మా మ్యూజియంలో రాతి పని ఉందన్నయ్యా. మంచి పనివాళ్ల కోసం చూస్తున్నారు. నీ గురించి చెప్పాను."

"మీ మ్యూజియంలోనా? కొంపదీసి నన్ను కూడా అద్దాల పెట్టెలో పెడతారేమిటే?"

"పెడితే పెట్టనీ," అంది వదిన లోపలినుంచి. "కనీసం అక్కడైనా నోరు మూసుకుని నిలబడతావు."

"నేను నోరు మూసుకుంటే ఈ ఇంట్లో ఈల ఎవరు వేస్తారే?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో చెల్లెలి గర్వం కూడా కలిసి ఉంది. తన ఉద్యోగం వల్ల అన్నకు నీడపట్టున పని దొరికింది. ఇన్నాళ్లూ ఎండలో మాడిన మనిషి తల మీద ఒక కప్పు పడింది. ఇంతకంటే ఏం కావాలి?

హాలు పక్కనున్న సామాన్ల గదిని ఈలన్నకూ, అతని జోడీ బక్కోడికీ ఇచ్చారు. ఒక్కో రాయినీ గోడకు ఆనించి చూసుకోవాలి, తేడా ఉంటే మళ్లీ కోయాలి. అందుకే పని బయట కుదరదు. పైగా ముంగిట్లో సందర్శకులు తిరుగుతారు. మొదట్లో అంతా బాగానే ఉంది. పెద్ద డ్రమ్ముతో నీళ్లు పెట్టుకున్నారు, కిటికీలు బార్లా తెరుచుకున్నారు. బక్కోడు తొందరపడి రాయి కోసే మిషన్ ఆన్ చేయబోతే ఈలన్న ఆపేవాడు.

"ఆగరా! ముందు రాయికి నీళ్లు తాగించు, తర్వాత చక్రం పెట్టు. పొడి లేచిందంటే నీ ముక్కులోకే."

రాయి మీద నీళ్లు ధారగా పడుతుంటే పొడి బురదై కిందికి కారిపోయేది. ఈల మాత్రం పైకి లేచేది. పక్క గదుల్లో సందర్శకులు తలలు తిప్పి చూసి నవ్వుకునేవారు.

కొన్నాళ్లకు ఆ బురదనీళ్లు గోడ కిందినుంచి చిత్రాల గదిలోకి ఊరాయి. నేల చెమ్మగిల్లింది. ఒక పాత చిత్రం మూల రంగు పొక్కింది. మేడమ్ ఎన్నడూ గొంతు పెంచే మనిషి కాదు. ఆరోజూ పెంచలేదు. "ఇకనుంచి ఆ గదిలో చుక్క నీరు వాడకూడదు," అంది, అంతే. డ్రమ్ము బయటికి వెళ్లిపోయింది.

నీళ్లు లేకుండా కోస్తే పొడి లేస్తుంది కదా. లేచింది. కిటికీలోంచి బయటపడి, ముంగిలి దాటి, ఎదురుగా ఉన్న పక్షుల గది వెంటిలేటర్లలోంచి లోపలికి పోయింది. ఒక పొద్దున చెల్లెలు పక్షుల పెట్టె తుడిచి గుడ్డను వెలుతురుకు పట్టేసరికి అది బూడిదరంగులో ఉంది.

పాఠకులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ అమ్మాయి చెడ్డది కాదు. బద్ధకస్తురాలూ కాదు. తన పని తను చేసింది. ఆ గుడ్డ తీసుకెళ్లి మేడమ్‌కు చూపించింది.

"శభాష్," అంది మేడమ్. "వెంటనే చెప్పడం మంచిదైంది. ఆ గది కిటికీలన్నీ మూయించు. సందుల్లేకుండా ప్లాస్టిక్ షీటు పరిచి టేపు అంటించాలి. తలుపు కూడా ఊరికే తెరవకూడదు. నువ్వే దగ్గరుండి చూసుకో. వాళ్లు మీవాళ్లే కదా, నీ మాట వింటారు." తర్వాత కళ్లజోడు తీసి, ప్రేమగా చూసి అంది. "ప్రారంభోత్సవం కానీ. నీ ఉద్యోగం పర్మనెంటు చేయమని నేనే పైవాళ్లకు చెప్తాను."

షీటు చుట్టా, టేపూ పట్టుకుని చెల్లెలు సామాన్ల గదిలోకి వెళ్లింది.

"ఏమిటే, మమ్మల్ని పార్సిలు కడుతున్నావా?" అన్నాడు ఈలన్న.

"కొన్నాళ్లే అన్నయ్యా. ఎదురుగా పక్షులున్నాయి. వాటి మీద దుమ్ము పడకూడదట."

బక్కోడు మొహం తుడుచుకుని అడిగాడు. "పక్షులంటే… ఆ దూది కూరినవేనా? చచ్చినవే కదమ్మా అవి?"

"చచ్చినవే."

ఈలన్నే నవ్వాడు. "ఇక్కడ చచ్చినవాటికే మర్యాదరా. మనం బతికి ఉన్నాం కాబట్టి లైన్లో నిలబడాలి."

చెల్లెలు కిటికీకి షీటు పరిచింది. పక్కలూ కిందా టేపు అంటించింది. పై అంచు ఆమెకు అందలేదు. మునివేళ్ల మీద లేచింది, అయినా అందలేదు.

"ఇటివ్వు," అని ఈలన్న ఆమె చేతిలోంచి టేపు తీసుకున్నాడు. పొడుగు మనిషి. పై అంచంతా తనే అంటించి, గాలి దూరకుండా బొటనవేలితో గట్టిగా రుద్దాడు. "చూశావా, మన పని అంటే మన పనే. మీ మేడమ్ వేలెత్తి చూపడానికి లేదు."

మర్నాటినుంచి ఆ గది తెల్లటి పొగమంచులా ఉండేది. మిషన్ ఆగాక కూడా ఆ మంచు చాలాసేపటికి గానీ దిగేది కాదు. బల్బు చుట్టూ పొడి గిర్రున తిరిగేది. మూతికి కట్టుకున్న తడిగుడ్డ కాసేపట్లోనే అట్టకట్టి పెంకులా బిగిసేది. బక్కోడు కొన్నాళ్లు చూశాడు. చివరికి సుత్తి సంచీలో వేసుకున్నాడు.

"అన్నా, ఇది పని చేసే గది కాదు. నన్ను తిట్టినా సరే, నేను పోతున్నా. నువ్వూ రా."

"నువ్వెళ్లరా. నేను మధ్యలో వదిలేస్తే నా చెల్లెలి మొహం ఏం కావాలి? దాని మాట మీదే కదా మనల్ని పెట్టుకున్నారు."

"చెల్లెలి మొహం సంగతి సరే, నీ మొహం అద్దంలో చూసుకున్నావా?"

బక్కోడు వెళ్లిపోయాడు. అతని పని కూడా ఈలన్న మీదే పడింది.

మధ్యాహ్నం వదిన అన్నం క్యారియర్ తెచ్చేది. ఒకరోజు ఆమె తలుపు తెరిచి గడపలోనే నిలబడిపోయింది. వెనకనుంచి చెల్లెలు పరుగెత్తుకొచ్చింది.

"వదినా, తొందరగా లోపలికైనా వెళ్లు, బయటికైనా రా. తలుపు తెరిచి ఉంచకూడదు."

వదిన తల తిప్పి ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. "లోపలున్నది ఎవరనుకున్నావ్? నీ అన్న. పిండిలో పడిన ఎలుకలా ఉన్నాడు, కనుబొమలు కూడా కనబడటం లేదు. నీకేమో తలుపు సంగతి పట్టిందా?"

"ఊరుకోవే," అన్నాడు లోపలినుంచి ఈలన్న. "పౌడర్ రాసుకున్నాను. పెళ్లికొడుకులా ఉన్నానా లేదా చెప్పు."

దాని తర్వాత నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఎంతకీ ఆగలేదు. వదిన క్యారియర్ నేల మీద పెట్టి అతని వీపు నిమిరింది. ఆమె చెయ్యి మణికట్టు దాకా తెల్లగా అయిపోయింది. చెల్లెలు తలుపు మూసింది. తను లోపలికి వెళ్లి మూయలేదు. బయట నిలబడి మూసింది.

ఇంట్లో ఈల ఆగిపోయింది. మొదట దారిలో మానేశాడు, తర్వాత స్నానం దగ్గర మానేశాడు. మెట్లెక్కితే ఆయాసం. పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు. "ఇదివరకు నోటితో వేసేవాడు," అంది వదిన, ఎవరివైపూ చూడకుండా. "ఇప్పుడు గుండెల్లోంచి వేస్తున్నాడు. దుమ్ము కాపలా దొరసానికి వినబడుతోందా?"

చెల్లెలికి వినబడుతూనే ఉంది.

ఆ రోజుల్లోనే మేడమ్‌కు ఒక కొత్త ఆలోచన వచ్చింది. కొత్త హాల్లో ఒక మీట పెట్టాలి, సందర్శకులు దాన్ని నొక్కితే పనివాడి ఈల వినబడాలి. "కష్టంలో కూడా ఆనందం ఉంటుందని జనానికి తెలియాలి కదా," అంది. శబ్దం రికార్డు చేసే కుర్రాణ్ణి పిలిపించారు. ఈలన్నను ఒక స్టూలు మీద కూర్చోబెట్టి నోటి ముందు మైకు పెట్టారు.

ఈలన్న రెండు పెదాలూ తడుపుకుని మొదలుపెట్టాడు. నాలుగు స్వరాలు పలికాక దగ్గు వచ్చింది.

"మళ్లీ ఒకసారి పెద్దాయనా," అన్నాడు కుర్రాడు. ఈలన్నకు ఇంకా తల నెరవలేదు. ఆ కుర్రాడికి అతను పెద్దాయనలా కనబడ్డాడు.

మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ దగ్గాడు. మళ్లీ. నుదుట చెమట పట్టింది, పెదాలు నీలంగా మారాయి. చెల్లెలు మంచినీళ్ల సీసా పట్టుకుని పక్కనే నిలబడింది. మేడమ్ గడియారం చూసుకుంది.

"పరవాలేదులే. ముక్కలు ముక్కలుగా తీసుకో. మధ్యలో ఆ దగ్గులు తీసేసి అతికించవచ్చు కదా?"

"తీసేయవచ్చు మేడమ్. అసలు తెలీదు."

అలా ఊపిరి అందిన చోటల్లా ఒక ముక్క తీసుకున్నారు. కుర్రాడు వాటిని అతికించి వినిపించాడు. ఎక్కడా తడబాటు లేదు. కొండ మీద గాలిలాగా, ఆరోగ్యవంతుడైన మనిషి సంతోషంగా వేస్తున్న ఈల.

"అబ్బ!" అంది మేడమ్, కళ్లు మూసుకుని.

ఆ సాయంత్రం చెల్లెలు ధైర్యం కూడగట్టుకుని పక్షుల గదిలో మేడమ్‌ను కలిసింది. "మేడమ్, మా అన్నకు ఒంట్లో బాగా లేదు. కిటికీలు తెరిస్తే… పోనీ నీళ్లైనా వాడనిస్తే…"

మేడమ్ ఆమెను ఒక అద్దాల పెట్టె దగ్గరికి తీసుకెళ్లింది. అందులో నీలిరంగు రెక్కల పక్షి ఒకటి తల వంచి కూర్చుని ఉంది.

"ఈ పక్షిని చూడు. ఈ జాతి ఇప్పుడు లోకంలో ఎక్కడా లేదు. ఇది పోతే మళ్లీ రాదు."

"అవును మేడమ్. కానీ మా అన్న…"

"అయ్యో, ఆయన్ని విశ్రాంతి తీసుకోమను. నేనేం రాక్షసినా? ఇంకో మనిషిని పెట్టుకుందాం. రాతి పనివాళ్లకేమమ్మా, దొరుకుతారు." ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో కఠినత్వం ఏమీ లేదు. అచ్చమైన దయే ఉంది. "కిటికీల సంగతి మాత్రం అడక్కు. ప్రారంభోత్సవం ముందు వీటి మీద దుమ్ము పడితే నీ గురించి పైవాళ్లకు నేనేం చెప్పను? నువ్వే ఆలోచించుకో."

చెల్లెలు ఆలోచించుకుంది. తిరిగి వస్తూ సామాన్ల గది ముందు ఆగింది. కిటికీ షీటు కింది మూల టేపు కాస్త ఊడి, లోపలినుంచి పొడి సన్నగా బయటికి వస్తోంది. ఆమె అటూ ఇటూ చూసి, ఆ మూలను బొటనవేలితో నొక్కి అంటించింది.

లోపలికి వెళ్లి, "నువ్వు మానేయన్నయ్యా, ఇంకొకర్ని పెట్టుకుంటారట," అని మాత్రం చెప్పింది.

"ఇంకొకణ్ణి తెచ్చి ఈ గదిలో పెడతారా?" ఈలన్న ఉలి దించలేదు. "వాడికీ ఇల్లుంటుంది కదే. ఇంకెంత, చివరి రాయి. కానీయనీ."

చివరి రాయి గోడకెక్కిన రోజునే అతను గోడ పక్కన కూలబడ్డాడు.

ఆసుపత్రిలో పెద్ద డాక్టర్ గారు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి చూశారు. తెల్లగుడ్డను వెలుతురుకు పట్టి చూడటం అలవాటైన చెల్లెలికి ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. నల్లగా ఉండాల్సిన చోటంతా తెల్లటి మచ్చలు పరుచుకుని ఉన్నాయి.

"ఇది దుమ్మమ్మా. రాతి దుమ్ము," అన్నారు డాక్టర్ గారు. "ఊపిరితిత్తుల సందుల్లోకి దూరి కూర్చుంటుంది. పైకి ఏమీ తెలీదు. తెలిసేసరికి లోపలంతా అయిపోయి ఉంటుంది."

చెల్లెలు ఆ ఫిల్మునే చూస్తూ అడిగింది. "తీసేయడానికి ఉండదా డాక్టర్ గారూ?"

"అద్దమా, తుడిచెయ్యడానికి?" ఆయన ఫిల్ము దించారు. "ఇన్నేళ్లూ కొంచెం కొంచెంగా లోపలికి పోతూనే ఉంది. కానీ ఆరుబయట, నీళ్లు పోసి కోసినన్నాళ్లూ తట్టుకున్నాడు. ఇంకా చాలాకాలం తట్టుకునేవాడు. గాలాడని గదిలో, నీళ్లు లేకుండా కోయించినట్టున్నారు. మిగిలింది అక్కడ అయిపోయింది. బుద్ధున్నవాడెవడైనా కిటికీలు మూస్తాడా? ఎవరు మూశారు?"

"నేనే," అంది చెల్లెలు.

వదిన మంచం పక్కన కూర్చుని ఉంది. తల ఎత్తలేదు. డాక్టర్ గారు ఆ అమ్మాయి వైపు తిరిగారు. ఓదార్చలేదు.

"నీ చేత కిటికీలు మూయించినవాళ్లు వేరే ఉంటారమ్మా. వాళ్ల చేతులు శుభ్రంగానే ఉంటాయి. ఎప్పుడూ అంతే. కానీ మూసిన చెయ్యి నీది. చదువుకున్నదానిలా ఉన్నావు, 'ఇది తప్పు' అని ఒక్క మాట గట్టిగా అనడానికి కాకపోతే ఆ చదువెందుకు?"

ప్రారంభోత్సవానికి తీసుకెళ్లమని ఈలన్న పట్టుబట్టాడు. "నా ఈల నేను వినొద్దటే?" అన్నాడు. ఒక్కో మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటున్నాడు. చెల్లెలూ వదినా చెరో రెక్క పట్టుకుని నడిపించి వెనక వరసలో కూర్చోబెట్టారు. హాలు అద్దంలా మెరుస్తోంది. గోడ పొడవునా రాతి మనుషులు నవ్వుతూ పని చేస్తున్నారు. మధ్యలో గాలి చొరని అద్దాల పెట్టెలో ఈలన్న సుత్తీ, ఉలీ ముఖమల్ గుడ్డ మీద పడుకుని ఉన్నాయి. ముఖ్య అతిథి మైకు ముందు నిలబడి, కష్టజీవి చెమట చుక్కే ఈ జాతికి ముత్యం అని చెబుతుండగా ఈలన్నకు దగ్గు వచ్చింది.

నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆగలేదు. ముందు వరసల్లోవాళ్లు వెనక్కి తిరిగారు. ఒకావిడ ముక్కుకు చేతిరుమాలు అడ్డుపెట్టుకుని కుర్చీ జరుపుకుంది. మేడమ్ చప్పుడు కాకుండా వచ్చి చెల్లెలి చెవిలో చెప్పింది.

"ఆయన్ని కాసేపు వరండాలో కూర్చోబెట్టమ్మా. అతిథులు అంటువ్యాధేమోనని భయపడుతున్నారు. బయటైతే గాలి కూడా బాగా వస్తుంది, ఆయనకే మంచిది."

చెల్లెలు అన్నను లేపి బయటికి తీసుకొచ్చింది. ఉన్న ఒక్క బెంచీ సామాన్ల గది కిటికీ కింద ఉంది. షీటు తీసేశారు గానీ, టేపు అంటిన గుర్తులు చట్రం మీద ఇంకా జిగురుగా ఉన్నాయి. లోపల ఎవరో మీట నొక్కారు. ఈల హాలంతా నిండి, కిటికీ దాటి వరండాలోకి వచ్చింది. వెనకే చప్పట్లు.

ఈలన్న తల ఒక పక్కకు వంచి చివరిదాకా విన్నాడు.

"ఎవడోగానీ…" అన్నాడు. ఊపిరి కోసం ఆగాడు. "బాగా వేశాడే."

అదే అతను ఆడిన చివరి హాస్యం. హాలు గుమ్మానికి కట్టిన పూలు వాడిపోకముందే ఈలన్న పోయాడు.

చెల్లెలి ఉద్యోగం పర్మనెంటు అయింది. మేడమ్ మాట తప్పే మనిషి కాదు. కొత్త హాలు బాధ్యత కూడా ఆమెకే ఇచ్చింది. రోజూ పొద్దున తెల్లగుడ్డతో అన్న సుత్తి ఉన్న పెట్టె తుడవడం, జనం వచ్చాక మీట పక్కన నిలబడటం ఆమె పని అయింది. వచ్చిన ప్రతివాళ్లూ మీట నొక్కేవారు. పిల్లలైతే మళ్లీ మళ్లీ నొక్కేవారు. మూడు గదుల అవతలికి వెళ్లినా ఆ ఈల వినబడేది. దగ్గులు ఎక్కడెక్కడ కత్తిరించారో ఆమె ఒక్కదానికే తెలుసు. ఆ చోటు రాగానే ఆమె ఊపిరి ఆగేది.

ఒకరోజు వదిన వచ్చింది. అందరిలాగే టికెట్టు కొనుక్కుని, వరసలో నిలబడి వచ్చింది. ఆడపడుచు వైపు చూడకుండా తిన్నగా వెళ్లి మీట నొక్కింది. ఈల అయిపోయేదాకా కళ్లు మూసుకుంది. తర్వాత అద్దాల పెట్టె మీద చూపుడువేలితో ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక గీత గీసి, ఆ వేలిని చెల్లెలి కళ్ల ముందు పెట్టింది.

"ఒక్క నలుసు లేదు," అంది. "ఆయన సుత్తిని బాగా చూసుకుంటున్నావమ్మాయ్."

కేక వేయలేదు, ఏడవలేదు. అంత మాట అనేసి వెళ్లిపోయింది.

ఆ వెనకే ఒక బడి పిల్లల గుంపు లోపలికి వచ్చింది. వాళ్లకు వివరించడం చెల్లెలి బాధ్యత. ఏం చెప్పాలో ఆమెకు కంఠస్థమే. 'ఇది కష్టంలోనూ ఆనందాన్ని వెతుక్కున్న శ్రామికుడి ఈల' అని మొదలుపెట్టాలి. నోరు తెరిచింది. ఆ మాట రాలేదు.

"ఇది మా అన్న ఈల," అంది. "సంతోషంతో వేసింది కాదు. ఇది వేసేటప్పుడు ఆయనకు ఊపిరి ఆడటం లేదు. దగ్గులు కత్తిరించి అతికించారు. ఎదుటి గదిలో పక్షుల మీద దుమ్ము పడకూడదని ఆయన పనిచేసే గది కిటికీలు మూశారు. మూసింది నేనే. ఆ దుమ్మంతా ఆయన పీల్చి చచ్చిపోయాడు. ఆయన సుత్తి మీద దుమ్ము పడకుండా అద్దం పెట్టాం. ఆయన ముక్కుకు అడ్డం ఏమీ పెట్టలేదు."

మీట మీదున్న చెయ్యిని ఒక పాప మెల్లగా వెనక్కి తీసుకుంది. గుమ్మం దగ్గర మేడమ్ నిలబడి ఉంది. అంతా విన్నది. పిల్లలు వెళ్లాక దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే మృదువుగా అంది.

"నీ బాధ నాకు తెలుసమ్మా. కానీ జనం ఇక్కడికి బాధపడటానికి రారు."

మర్నాటికి చెల్లెలి మెడలో కార్డు లేదు. తెల్లగుడ్డ ఇప్పుడు ఇంకో అమ్మాయి చేతిలో ఉంది. ఆమె కూడా బుద్ధిమంతురాలే, తన పని తను చక్కగా చేస్తుంది. హాలుకు జనం వస్తూనే ఉన్నారు, మీట నొక్కుతూనే ఉన్నారు, ఈల వింటూ తలలూపుతూనే ఉన్నారు. పక్షులు క్షేమంగా ఉన్నాయి.

పక్షుల్ని కాపాడొద్దని ఈ కథ చెప్పడం లేదు. చిత్రాలూ, చరిత్రా, నశించిపోయిన జీవుల గుర్తులూ దాచుకోవలసినవే. కానీ చచ్చినవాటికి చూపించే జాగ్రత్తలో పిసరంతైనా బతికున్న మనిషికి చూపించని చోట, ఎన్ని వందనాలు పెట్టినా అవి ఉత్త బొమ్మలకు పెట్టినవే అవుతాయి. ఈసారి మీరు మ్యూజియానికి వెళ్లినప్పుడు, అద్దం మీద దుమ్ము లేదని మెచ్చుకునే ముందు, ఆ దుమ్ము ఎవరి ఊపిరిలోకి వెళ్లిందో గట్టిగా అడగండి.